లాంచీ ఫిల్టరు ఎంపిక విధానం

లాంచీ ఇంజనుకు ఆయిల్ ఫిల్టరు ఎంచుకోవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదని, అందుకు ఒక శాఖ కావాలని జలరవాణా శాఖ తన సర్క్యులరు మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పింది. (రెండో వాక్యం పాత సర్క్యులరును రద్దు చేస్తుంది. మూడో వాక్యం లేదు.)

అప్పటికి మా రేవులో లాంచీ నడిపే సరంగు ఇరవై రెండేళ్ళుగా దానికి ఫిల్టర్లు తనే ఎంచుకుంటూ, తప్పని తెలియక, సరైనవే బిగిస్తూ వచ్చాడు. ఇంజను రెండువందల యాభై గంటలు నడిచిందంటే పాతది విప్పేవాడు. దాన్ని తీసుకెళ్ళి రేవు పక్క వీధిలో స్పేర్ పార్టుల దుకాణం నడిపే ఆవిడ ముందు పెట్టేవాడు. ఆవిడ మరచుట్లు చూసి, రబ్బరు వాషరును జానతో కొలిచి, అచ్చం అలాంటిదే అరలోంచి తీసి ఇచ్చేది. మొత్తం నాలుగు నిమిషాల వ్యవహారం. ఇందులో ఎక్కడా సంతకం లేకపోవడం శాఖను కలవరపెట్టింది.

కొత్త విధానం ప్రకారం సరంగు పాత ఫిల్టరును కాగితంలో చుట్టుకుని శాఖవారి స్టోర్సుకు వెళ్ళాడు. గుమస్తా ఫిల్టరు వైపు చూడలేదు. యాప్ తెరిచాడు.

"ఎన్ని చక్రాలు?"

"లాంచీ సార్. చక్రాలుండవు."

"సున్నా తీసుకోవట్లేదు. రెండా, మూడా, నాలుగా?"

"నీళ్ళ మీద నడిచేదానికి చక్రాలెందుకు సార్?"

"చక్రాల్లేనివంటే ఇందులో జనరేటరు ఒక్కటే ఉంది. అదే పెట్టేద్దాం."

"జనరేటరు కదలదు కదా సార్."

"మీది రేవులో కట్టేసినప్పుడు కదుల్తుందా?"

సరంగు అబద్ధమాడే మనిషి కాదు. కదలదని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతో లాంచీ అధికారికంగా జనరేటరైంది.

అందాకా సరంగు పాతదాన్నే తిరిగి బిగించి నడిపాడు. పదకొండో రోజున, పాతది జమ చేసుకున్నాక, ఫిల్టరు వచ్చింది. మర పట్టింది గానీ, వాషరు అంచు చిన్నది కావడంతో నూనె బొట్లు బొట్లుగా కారింది. అంతకన్నా పెద్ద చిక్కు లోపల ఉంది. లాంచీలో ఫిల్టరు అడ్డంగా పడుకుని ఉంటుంది. ఇంజను ఆపినప్పుడు నూనె వెనక్కి జారిపోకుండా లోపల ఒక రబ్బరు పొర ఆపాలి. నిలువుగా బిగించే జనరేటరు ఫిల్టరులో ఆ పొర లేదు. దాంతో నడిపితే, స్టార్టు చేసిన ప్రతిసారీ ఇంజను కాసేపు పొడిగా అరుగుతుంది. ఏదో ఒక రోజు నలభై మంది జనంతో నది మధ్యలో బిగుసుకుపోతుంది.

ఈ సంగతంతా సరంగు తెల్లకాగితం మీద రాసి ఇచ్చాడు. ఫిల్టరు సముచితత్వ నిర్ధారణ ఉపసంఘం ముగ్గురు సభ్యులతో వచ్చి, ఒడ్డునే నిలబడి (లాంచీ ఎక్కడానికి ఉపసంఘానికి అధికారం లేదు) పరిశీలించింది. ఫిల్టరు గుండ్రంగానే ఉన్నదనీ, ఇంజనుకు అంటుకునే ఉన్నదనీ ధ్రువీకరించింది.

జనాన్ని ఎక్కించనని సరంగు మొండికేశాడు. లాంచీ ఆగిపోయింది. మూడో రోజున అతనికి మెమో వచ్చింది: "మీ అధీనంలోని జనరేటరు గత నెలలో ఇరవై ఆరు రోజులు నది మధ్యన కనిపించినట్టు తెలియవచ్చింది. అనుమతి లేకుండా తరలించినందుకు సంజాయిషీ ఇవ్వగలరు."

అవతలి ఒడ్డున సరంగు వియ్యంకుడు ఉన్నాడు. టైలరు. రెండు మూత్రపిండాలూ చెడిపోయి, మంగళవారం, శుక్రవారం ఇవతలి ఆసుపత్రికి వచ్చి రక్తం శుద్ధి చేయించుకుంటాడు. లాంచీ లేకపోతే వంతెన మీదుగా ఆరు గంటల చుట్టుతిరుగుడు. శుక్రవారం ఆ దారినే బయల్దేరి, వాంతులు పట్టుకుని, సగంలో దిగి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆదివారం ఉదయం ఫోన్ చేశాడు.

"బావగారూ, లాంచీ ఎప్పుడు కదుల్తుంది?"

"ఫిల్టరు రావాలి బావగారూ. వచ్చింది గానీ మనది కాదు."

"నాకూ అంతేగా. సరిపడేది దొరకట్లేదంటున్నారు." నవ్వబోయి దగ్గాడు. "కాళ్ళు పొంగాయి, చెప్పులు పట్టట్లేదు. పడుకుంటే ఊపిరాడట్లేదు, కూర్చునే ఉన్నాను. అమ్మాయికి మాత్రం చెప్పకండి."

అమ్మాయి అంటే సరంగుకు కోడలు. ఆ పక్కగదిలోనే బిడ్డకు స్నానం చేయిస్తోంది. సరంగు ఫోన్ పెట్టేసి, చొక్కా తొడుక్కుని, తిన్నగా దుకాణానికి వెళ్ళాడు.

"కొత్త రూలు వచ్చిందిగా, నేనివ్వచ్చా?" అంది ఆవిడ.

"ఇవ్వకూడదమ్మా. ఇవ్వండి."

ఎప్పుడూ ఒక్కసారి కొలిచే వాషరును ఆవిడ ఆ రోజు రెండుసార్లు కొలిచింది.

సరంగు వాషరుకు వేలితో నూనె రాసి, చేత్తోనే బిగించి, ఇంజను స్టార్టు చేశాడు. ఆయిల్ ప్రెషరు ముల్లు వెంటనే లేచి నిలబడింది. గంటన్నరలో టైలరు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఇంకో రోజు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది.

మర్నాడే సస్పెన్షను. అభియోగాలు రెండు: ఆమోదం లేని ఫిల్టరు బిగించడం, జనరేటరులో మనిషిని రవాణా చేయడం. ప్రాణాపాయం నిరూపిస్తే మినహాయింపు ఉందని పద్నాలుగో నిబంధన చెబుతోంది. నిరూపణ కోసం విచారణాధికారి వచ్చాడు. టైలరు వాంగ్మూలానికి అవతలి ఒడ్డుకు వెళ్ళాలి. వంతెన చుట్టూ ఆరు గంటలు తిరగనని ఆయన అనడంతో, సస్పెన్షనులో ఉన్న సరంగే, నిషిద్ధ ఫిల్టరున్న లాంచీలో ఆయన్ని దాటించాడు. (ప్రయాణం సుఖంగా సాగిందనీ, ఆ ఫిల్టరును తక్షణం తొలగించాలనీ ఆయన ఒకే పేరాలో రాశాడు.)

కుట్టుమిషను ముందునుంచి టైలరు లేచి నిలబడ్డాడు. "ఆ పూట మా బావగారు రాకపోతే నేను పోయేవాణ్ణి సార్."

"పోలేదు కదా?"

"లేదు సార్."

అధికారి అదే రాసుకున్నాడు. నివేదిక వారంలో వచ్చింది. అందులో చివరి వాక్యం: "సదరు ప్రయాణికుడు విచారణ తేదీ నాటికి సజీవుడై ఉన్నందున, ప్రాణాపాయం అన్న వాదన నిరూపణ కాలేదు."