చైర్మన్ పేరులో వెతికిన కంప్యూటర్

ఆర్మూర్ పసుపుకు ఇకమీదట కంప్యూటరే ధర రాస్తుందని మార్కెట్ కమిటీ చైర్మన్ గంగాదాస్ గారు మైకులో ప్రకటించారు. మంత్రిగారు వచ్చి మీట నొక్కేదాకా యార్డులో ఒక్క కుప్పకూ వేలం ఉండదన్నారు. అంతటి ముందుచూపు అందరికీ రాదు.

దొంకేశ్వర్ నుంచి వచ్చిన లసుమవ్వ తన పసుపు కుప్ప మీద టార్పాలిన్ సర్ది, పోచంపాడ్ వైపు చూసింది. మబ్బు అటునుంచే కమ్ముకొస్తోంది.

"సారూ, కొమ్ము తడిస్తే రంగు వోతది. గప్పుడు ఎవ్వడు కొనడు. జర నాది ముందుగాల వేలం పెట్టియ్యిండ్రి."

ఇదంతా నీలాంటి రైతు కోసమే కదా అని చైర్మన్ గారు ఎంతో ఓపిగ్గా ఆమెను పక్కకు పంపించారు.

డేరా కింద, వేదిక మీద, కంప్యూటర్‌కు బొట్టు పెట్టి దండ వేశారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రోగ్రామర్ కాశీరాం అక్కడే సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసి, అంటే విడి ముక్కలన్నీ ఒక్కటిగా కూర్చి, ఫ్లాపీల్లో ప్యాక్ చేసి మంత్రిగారి చేతికివ్వాలి. బిల్డ్ మొదలుపెట్టిన ప్రతిసారీ, కావలసిన పనిముట్టు దొరకలేదంటూ మెషీన్ ఆగిపోతోంది.

చివరికి కారణం తెలిసింది. పోపుల డబ్బా ఏ అల్మారాలో ఉందో కొత్త కోడలికి చెప్పినట్టు, పనిముట్లు ఎక్కడున్నాయో మెషీన్‌కు చెప్పే సెట్టింగు ఒకటుంది. దాన్ని పాత్ అంటారు. కార్యకర్త హన్మాండ్లు ముందురోజు ఆ లైను చెరిపించి, అక్కడ చైర్మన్ గారి పేరు కొట్టించాడు. బోరింగుకూ బస్ షెల్టరుకూ శ్మశానం గేటుకూ ఉన్న పేరు దీనికి లేకపోతే ఎట్లా?

"సార్, అది పనిముట్ల కోసం మీ పేరులో వెతుకుతున్నది," అన్నాడు కాశీరాం. "అండ్ల ఏం దొరుకుతలేదు."

"మంచిగ వెతకమను."

పేరు తీసేస్తానంటే హన్మాండ్లు చొక్కా చేతులు మడిచాడు. పోనీ పేరు అలాగే ఉంచి, పక్కనే అసలు చోటు కూడా రాస్తానని కాశీరాం బతిమాలాడు. చైర్మన్ గారి ముఖం మారిపోయింది.

"నా పక్కన ఇంకొకని పేరా? ఏ గ్రూపోడు వాడు?"

మంత్రిగారి కార్లు పెర్కిట్ దాటాయని కబురొచ్చింది. వెంటే వానా వచ్చింది. డేరా కారసాగింది. సర్కారు సొమ్ము తడవకూడదని చైర్మన్ గారు కేకవేయగానే, హన్మాండ్లు యార్డులోకి ఉరికి ఒక టార్పాలిన్ లాక్కొచ్చి కంప్యూటర్‌కు నిండుగా కప్పాడు. అటు లసుమవ్వ కుప్ప మీద వంగి, కొంగు పరిచి నిలబడింది.

మంత్రిగారు గొడుగు కింద వచ్చి, టార్పాలిన్ పైనుంచే మీట ఉండే చోటు చూసి నొక్కారు. చప్పట్లు మోగాయి. ఖాళీ ఫ్లాపీకి రిబ్బను కట్టి ఆయన చేతికిచ్చారు.

వేదిక దిగబోతూ ఆయన కిందికి చూశారు. వాననీళ్లు పచ్చగా పారుతూ ఆయన చెప్పులను తాకుతున్నాయి.

"పసుపునీళ్లు సుత సల్లిచ్చినవా గంగాదాస్," అన్నారు మెచ్చుకోలుగా.

చైర్మన్ గారు వినయంగా తల వంచుకున్నారు.