నీలవేణి కాళ్లు

రాష్ట్ర పరుగుపందేల సమాఖ్యలో క్రీడాకారుల ప్రతినిధిగా ఎన్నికైన మర్నాడు గేదెల నీలవేణి విశాఖపట్నంలోని సమాఖ్య కార్యాలయానికి వెళ్లి, నిబంధన ప్రకారం తన రెండు కాళ్లూ అప్పగించింది. పరుగెత్తే కాళ్లున్న మనిషి పరుగు గురించి నిర్ణయాలు చేస్తే స్వార్థం అడ్డొస్తుందని ఆ నిబంధన ఉద్దేశం. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. కుస్తీ సమాఖ్యలో ప్రతినిధి అప్పటికే చేతులు అప్పగించి ఉన్నాడు. కబడ్డీ సమాఖ్యలో ప్రతినిధి ఊపిరి అప్పగించాడు. ఆ తర్వాత ఏ సమావేశంలోనూ ఆయన అభ్యంతరం చెప్పిన దాఖలా లేదు.

నాలుగు వందల మీటర్ల పరుగులో నీలవేణిని మించినవాళ్లు రాష్ట్రంలో లేరు. ఆమె ఎన్నికల్లో నిలబడటానికి కారణం ఎండ. టీవీ వాళ్లకు అదే వీలని ఏటా మే నెలలో సెలక్షన్ పరుగులు మిట్టమధ్యాహ్నం పెడుతున్నారు. కిందటేడు ఆమెతో కలిసి సాధన చేసే మజ్జి గౌరి చివరి మలుపులో సొమ్మసిల్లి పడిపోయింది. ట్రాక్‌కి ఆనిన చెంప మీద చర్మం లేచిపోయింది. అందరికంటే ముందున్న నీలవేణి ఆగి, వెనక్కి వచ్చి, గౌరిని భుజాన వేసుకుని నీడలోకి మోసుకెళ్లింది. ట్రాక్ మీద వెనక్కి నడవడం నిషేధం కనుక ఇద్దరినీ అనర్హులుగా ప్రకటించారు.

"అక్కా, నువ్వెల్లి ఆ కుర్చీలో కూకో," అంది గౌరి ఆసుపత్రి మంచం మీంచి. "మన బాధ ఆళ్ల సెవినెయ్యడానికి మనోళ్లు ఒక్కలైనా ఉండాల."

క్రీడాకారులంతా ఆమెకే ఓటు వేశారు.

కార్యదర్శి శేషావతారం మర్యాదస్తుడు. "మొదట్లో కొంచెం తేలిగ్గా ఉంటుందమ్మా, తర్వాత అలవాటైపోతుంది," అని చెప్పి బంట్రోతు చేత కాళ్లు విడదీయించాడు. నొప్పి లేదు. మెత్తని దిండు వేసిన చక్రాల కుర్చీ ఇచ్చారు. సమాఖ్య లెక్కలో క్రీడాకారిణి అంటే ఇకమీదట ఆ కాళ్లే కాబట్టి, సాధనకు ఆలస్యమవుతుందని వాటిని వెంటనే స్టేడియానికి పంపించారు. నీలవేణి లిఫ్టులో దిగింది. కాళ్లు మెట్ల మీదుగా దిగాయి. గేటు దగ్గర అవి ఆమె వైపు తిరిగి నిలబడ్డాయి. "ఎండలో తిరగకండి," అంది నీలవేణి.

ఆ తర్వాత ఆమెకు కుదురు పోయింది. కూర్చున్నా కూర్చున్నట్టు ఉండేది కాదు. లేని మడమ దురద పెట్టేది. తింటూ తింటూ కంచం పక్కకు తోసి కిటికీ దగ్గరికి కుర్చీ తిప్పుకునేది. అక్కడా నిలవలేక మళ్లీ తలుపు దగ్గరికి. స్టేడియం నుంచి కబుర్లు మాత్రం బాగానే వచ్చేవి. పైన బరువు లేకపోవడంతో కాళ్లు ఇదివరకటికంటే వేగం పుంజుకున్నాయనీ, తిండి గురించి, గది గురించి ఏమీ అడగడం లేదనీ కోచ్ మెచ్చుకున్నాడు.

మొదటి సమావేశంలో ఆమె పరుగుల వేళ మార్చాలని అడిగింది. అధ్యక్షుడు దంతులూరి వరహాలరాజు గారు ఆమె మాట పూర్తయ్యేదాకా కళ్లు మూసుకుని విన్నారు.

"చూడమ్మా, నువ్వు మా ఇంటి ఆడపిల్లలాంటిదానివి. ఒక్కటే అడుగుతాను, మనసులో ఉన్నది చెప్పు. ఇప్పుడు నీకు పాదాలు కాలుతున్నాయా?"

"నాకెలా కాలతాయి సార్? పాదాలు లేవు కదా."

"అంటే కాలడం లేదు."

"లేదండి."

"రాసుకోండి శేషావతారం గారూ. క్రీడాకారుల ప్రతినిధికి పాదాలు కాలడం లేదు."

రాసుకున్న దాంట్లో అబద్ధం లేదు.

రెండో సమావేశానికి గౌరి ఆ కాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. అవి వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే బూట్ల చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది. వరహాలరాజు గారు ఎంతో ఆదరంగా వాటిని లోపలికి పిలిపించారు. గౌరి బూట్లు విప్పింది. అరికాళ్ల నిండా బొబ్బలు. కొన్ని చితికి ఎర్రగా ఉన్నాయి. సభ్యులు జాలిపడ్డారు. ఒకాయన కొబ్బరినూనె రాయమన్నాడు.

"క్రీడాకారులే స్వయంగా వచ్చారు కాబట్టి ఆళ్లనే సెప్పనియ్యండి బాబూ," అంది గౌరి.

కాళ్లు నేలను బలంగా తన్నాయి. మళ్లీ మళ్లీ తన్నాయి. బల్ల మీద నీళ్ల గ్లాసులు కదిలాయి. శేషావతారం అది 'హర్షధ్వానాలు' అని రాసుకున్నాడు.

తర్వాత చేతులెత్తమన్నారు. ఉదయం పరుగుకు కొందరు, మధ్యాహ్నానికి కొందరు ఎత్తారు. లెక్క సమానంగా తేలింది. కాళ్లకు చేతులు లేవు. అందరూ నీలవేణి వైపు చూశారు.

వరహాలరాజు గారు ఆమె కుర్చీ దగ్గరికి వంగారు. "ఢిల్లీ సంఘానికి కూడా క్రీడాకారుల ప్రతినిధి ఒకరు కావాలట. నీ పేరే అనుకుంటున్నాను. ఇవాళే పంతానికి పోతే రేపు వాళ్లు నిన్ను నమ్మరు. అక్కడికెళితే దేశం మొత్తానికే వేళ మార్పించొచ్చు. ఇప్పటికి పన్నెండు బదులు పదకొండున్నర చేద్దాం. అది నీ గెలుపే కదా?"

నీలవేణి కాళ్ల వైపు చూసింది. అవి ఆమె వైపే తిరిగి ఉన్నాయి. బొబ్బలు బాధ కలిగించేలా ఉన్నాయని ఆమెకు తెలుసు. తెలుసు అంతే, పక్కూళ్లో ఎవరికో జ్వరమని తెలిసినట్టు. ఢిల్లీలో అయితే గట్టిగా మాట్లాడవచ్చు అనుకుంది. పదకొండున్నరకు చెయ్యెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వరండాలో గౌరి కాళ్లకు బూట్లు తొడుగుతూ, తలెత్తకుండా అడిగింది. "అక్కా, పదకొండున్నరకి సూరీడు సల్లబడతాడా?"

"అరగంట తగ్గించాను గౌరీ. ఇన్నేళ్లలో ఎవరూ నిమిషం కూడా తగ్గించలేదు."

"నాను అడిగింది అది కాదు."

"నీకు లోపల పరిస్థితి తెలీదు. ఒక్కో మెట్టూ ఎక్కాలి."

గౌరి బూటు లేసు ముడి వేసి లేచింది. "ఎక్కడానికి కాళ్లు మా దగ్గరే ఉన్నాయి కదేటి," అని, కాళ్లను తీసుకుని మెట్లు దిగిపోయింది.

సెలక్షన్ రోజు నీలవేణి అధ్యక్షుడి పక్కన, పందిరి కింద కూర్చుంది. పక్కన కూలర్ తిరుగుతోంది. చల్లని మజ్జిగ ఇచ్చారు. తుపాకీ పేలగానే లేని పిక్కలు బిగుసుకున్నట్టయి, ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కాళ్లు మొదటి మలుపు దాటాయి, రెండోది దాటాయి. చివరి మలుపులో ఎడమ కాలు తడబడి కూలింది. వెనక నుంచి వస్తున్న గౌరి ఆగింది. వంగి, రెండు కాళ్లనూ చంకలో ఇరికించుకుని, వెనక్కి తిరిగి నీడ వైపు నడిచింది. లౌడ్ స్పీకర్‌లో ఇద్దరు క్రీడాకారిణుల అనర్హత ప్రకటన వినిపించింది.

కాసేపటికి కాళ్లు గౌరి దగ్గర్నుంచి జారుకుని, కుంటుతూ పందిరి మెట్లెక్కాయి. మెట్టు మెట్టుకీ తడి మరక పడింది. అవి అతిథుల మధ్య నుంచి వచ్చి నీలవేణి కుర్చీకి ఆనుకున్నాయి. బూట్ల వేడి ఆమె చీర అంచుకు తగిలింది.

సెక్యూరిటీ మనిషి పరుగున వచ్చాడు. "మేడం, ఇవి మీవేనా?"

వరహాలరాజు గారు మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, ఆమె ఏమంటుందోనని ఆసక్తిగా చూశారు.

"కాదు," అంది నీలవేణి. "క్రీడాకారులవి. వాళ్ల గ్యాలరీ అవతల ఉంది. పాపం, మెల్లగా తీసుకెళ్లండి."

అతను మెల్లగానే తీసుకెళ్లాడు. సమాపన సభ మొదలైంది. క్రీడాకారుల తరఫున మాట్లాడవలసిందిగా ఆమెను ఆహ్వానిస్తూ మైకు చేతికిచ్చారు. చాలా రోజుల తర్వాత ఆమెకు ఎక్కడా దురద లేదు. గొంతు సవరించుకుని, ఏర్పాట్లు చక్కగా ఉన్నాయని మొదలుపెట్టింది.