చలపతిరావు అటక దులిపిన వైనం

మా ఏలూరులో చలపతిరావుని ఎరగనివాళ్ళు తక్కువ. కచేరీలో గుమాస్తా, ఇంట్లో సంస్కర్త. ఆయన సంస్కరణలన్నీ ఆదివారం పుట్టి గురువారానికి కన్నుమూసేవి. ఒకసారి పరగడుపున అందరూ వేపాకు నమలాలన్నాడు. మంగళవారానికల్లా ఆయనే వేపచెట్టు కనపడితే పక్క వీధిలోంచి తిరిగివెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య గంగాభవాని ఏ సంస్కరణకీ ఎదురు చెప్పేది కాదు. గురువారం దాకా ఓపిక పట్టేది.

ఆ ఏడు ఫాల్గుణమాసంలో ఆయన తాడేపల్లిగూడెంలో ఉన్న తోడల్లుడు ప్రసాదరావుని చూడబోయి, మర్నాడు మధ్యాహ్నం బండికి తిరిగొచ్చాడు. వచ్చినవాడు కాళ్ళయినా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి ఇల్లంతా కలయజూశాడు.

“భవానీ, ఇది ఇల్లా, సంతా?”

“సంతైతే సాయంత్రానికి ఖాళీ అవుతుందండీ. ఇది ఇల్లే.”

“ప్రసాదరావు ఇల్లు చూడాలి నువ్వు! గదిలో నిలబడి దగ్గితే ఆ దగ్గు నాలుగు గోడలకీ కొట్టుకుని మళ్ళీ నాకే వినిపించింది. అదీ విశాలమంటే!”

“వాళ్ళు ఆ ఇంట్లోకి మొన్ననేగా మారారు. సామాను ఇంకా గూడ్సులోనే ఉందని మా చెల్లెలు కబురు చేసింది.”

చలపతిరావు ఒక్క క్షణం ఆలోచించాడు. “రాకపోతేనే వాళ్ళకి మంచిది” అన్నాడు.

మజ్జిగ తాగి పథకం వివరించాడు. ఉగాది వచ్చేలోగా ఇల్లు అద్దంలా తయారు కావాలి. ఒక్కరోజులో చెయ్యబోతే నడుం పడిపోతుంది కనక, రోజూ పొద్దున్నే ఒక చిన్న పని. ఒక మూల దులపడం, అక్కర్లేని వస్తువు ఒకటి గడప దాటించడం.

“అటక మీదవి ఇకమీద ఉండవు!” అన్నాడు, ప్రాస కుదిరినందుకు తనే మురిసిపోతూ.

“మరి మీ వీధిగదిలోవి?”

వీధిగది చలపతిరావు సొంత సామ్రాజ్యం. అందులో పెళ్ళికి ముందునించీ పోగుచేసిన పాత పత్రికల దొంతరలు, గొట్టం ఊడిన గ్రామఫోను, ఎలుకలు వాయించి వదిలేసిన హార్మనీ, బట్ట పోయి ఊచలు మిగిలిన గొడుగులు కొలువుతీరి ఉండేవి. తలుపు సగం వరకే తెరుచుకునేది. ఆయన పక్కకి తిరిగి లోపలికి వెళ్ళేవాడు.

“అవి సేకరణ.”

“అటక మీదవో?”

“చెత్త.”

“తేడా ఎలా తెలుస్తుందండీ?”

“నావి సేకరణ.”

“మా నాన్న కొత్త బిందెలు, మంచాలు పంపుతానంటే ప్రతిసారీ మీరు వద్దన్నారు. పాతవి కూడా పోతే నీళ్ళు దేంట్లో పట్టనండీ?”

“దోసిట్లో పట్టు. మావగారి సొమ్ముతో ఇల్లు నింపుకునే మగాణ్ణి కాను నేను!”

“మీ ఇష్టమండీ” అంది గంగాభవాని.

కాస్త అనుభవం ఉన్న మగవాడెవడైనా ఆ మాటతో ఆగిపోయేవాడు. చలపతిరావు నిచ్చెన తెచ్చుకున్నాడు.

మొదటిరోజు మూతలేని ఊరగాయ జాడీ దింపి, చీకటి విడకముందే కాలవగట్టున పెట్టివచ్చాడు. ఆయన కచేరీకి బయల్దేరేలోగానే పాలవాడు దాన్ని భద్రంగా పట్టుకొచ్చాడు.

“గట్టు మీద మర్చిపోయారండీ, బాబూ. మీ భార్యగారి పుట్టింటి జాడీ కదండీ, నేను ఆనవాలు పట్టాను.”

రెండోరోజు చిల్లుపడిన జల్లెడ పారేశాడు. అదీ తిరిగొచ్చింది. ఏలూరులో వస్తువు పోగొట్టుకోవడం అంత సులువు కాదని ఆయనకి అర్థమైంది. అప్పటినించీ పారెయ్యడం మాని, గట్టు మీద ఎవరు ఎదురైతే వాళ్ళ చేతుల్లో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. అటక దులిపితే ఒళ్ళంతా బూజు. అందుకని ఆయన ముందు కాలవలో మునిగేవాడు. ఆ తడిబట్టలతోనే, కొల్లేటి కొంగలా నీళ్ళలోంచి నింపాదిగా నడిచొచ్చి, గట్టు మీద పెట్టిన వస్తువు ఎవరికో ఒకరికి అందించేవాడు. తుమ్ములు వస్తాయేమోనని నోరు మూసుకుని, కళ్ళు సగం మూసి మరీ ఇచ్చేవాడు. చూసేవాళ్ళకి ఆయన బూజు దులిపిన మనిషిలా కనిపించలేదు.

పక్కింటి సుబ్బాయమ్మగారికి వీధివాళ్ళు పెట్టుకున్న పేరు టముకు సుబ్బాయమ్మ. ఆవిడ చెవిన పడ్డ మాటకి వేరే చాటింపు అక్కర్లేదు. ఆవిడ పెరటిగోడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“అమ్మాయ్ భవానీ, మీ ఆయన రోజూ అన్నీ అలా ఇచ్చేస్తున్నారేమే?”

గంగాభవాని అబద్ధమాడే మనిషి కాదు.

“ఇంట్లో ఏదీ అక్కర్లేదంటున్నారండీ” అని నిట్టూర్చింది.

“అయ్యో! ఎప్పటినించే?”

“తాడేపల్లిగూడెం నించి వచ్చినప్పటినించీనండీ. ఖాళీగా ఉంటేనే హాయి అంటున్నారు. ఉగాది లోపల అన్నీ వదిలించుకోవాలట.”

“నువ్వేమన్నావు?”

“నేనేమనగలనండీ? మీ ఇష్టమన్నాను.”

సుబ్బాయమ్మగారు కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఊళ్ళో సగం మందికి, మర్నాటికి మిగతా సగం మందికి తెలిసిపోయింది: ఉగాదికి చలపతిరావు సన్యాసం పుచ్చుకుంటున్నాడు.

ఈ సంగతి తెలియనివాడు చలపతిరావు ఒక్కడే. తను నడుస్తుంటే జనం పక్కకి తప్పుకోవడం గమనించాడు. తన సంస్కరణకి వస్తున్న గౌరవం అనుకున్నాడు. ఒక ముసలాయన జల్లెడ అందుకుని కళ్ళకద్దుకుంటే, జల్లెడ విలువ తెలిసినవాడు అనుకున్నాడు. కిళ్ళీకొట్టు ఆయన చుట్ట ఇవ్వడానికి తటపటాయిస్తూ, “ఇంకా ఇది కూడా వదల్లేదాండీ?” అంటే, “అన్నీ ఒక్కసారే ఎలా కుదురుతాయోయ్? రోజుకొకటి” అన్నాడు. కొట్టాయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

ఆదివారం గెడ్డం గియ్యడానికి వచ్చిన మంగలి కత్తి నూరుతూ వినయంగా అడిగాడు.

“తల కూడా ఇప్పుడే కానిమ్మంటారా, ముహూర్తం దాకా ఆగమంటారాండీ?”

“ముహూర్తమేమిటి? తలకేం వచ్చింది?”

“మరి గుండు లేకుండా కాషాయం కట్టరు కదండీ!”

చలపతిరావు సబ్బునురగతోనే లేచి లోపలికి పరిగెత్తాడు.

“భవానీ! నేను సన్యాసం పుచ్చుకుంటున్నానని ఊరంతా అనుకుంటోందట!”

“అలాగాండీ?” అంది గంగాభవాని బియ్యంలో రాళ్ళు ఏరుతూ. “పుచ్చుకుంటున్నారా?”

“లేదే!”

“హమ్మయ్య. మరి మధ్యాహ్నానికి వంకాయ వండనా, దోసకాయ వండనా?”

మర్నాడు కచేరీలో శిరస్తాదారుగారు పిలిపించారు. హెడ్డు గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయింది. దానికోసం చలపతిరావు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఏమోయ్ చలపతిరావ్, ఈ హెడ్డు గుమాస్తా పని నీకే ఇద్దామనుకున్నానోయ్. కానీ నీ మార్గానికి అడ్డు రావడం నాకిష్టం లేదు. మోక్షానికి పోయేవాడికి ఫైళ్ళు ఎందుకు?”

“అయ్యా, నేను సామాన్యుణ్ణండీ!”

“సామాన్యుడివైతే ఇంట్లో సామానేదోయ్? కూర్చోడానికి చాప కూడా లేదని మా ఇంట్లో ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు.”

“ఇల్లు సర్దుకుంటున్నానండీ, అంతే. నేను పూర్తిగా సంసారినండీ. కావాలంటే తమరు సకుటుంబంగా భోజనానికి వచ్చి, కళ్ళారా చూడండి!”

ఆ మాట నోరు జారాక గాని ఆయనకి అర్థం కాలేదు, తను ఏమన్నాడో. శిరస్తాదారుగారు పెద్దమనిషి. వచ్చే ఆదివారం వస్తామన్నారు.

చలపతిరావు ఇంటికి వచ్చి చూసుకున్నాడు. మొదట్లో ఒక్క వస్తువుతో ఆగినా, ఉత్సాహం వచ్చాక చేతికి ఎన్ని వస్తే అన్ని ఇచ్చేశాడు. అటక ఖాళీ. వంటింట్లో అలమర ఖాళీ. పీటలు పోయాయి, చాపలు పోయాయి, పట్టెమంచం పోయింది. మధ్య గదిలో నిలబడి దగ్గాడు. నాలుగు గోడలూ తిరిగి దగ్గాయి. ఈసారి ఆ దగ్గు ఆయనకి వినసొంపుగా లేదు.

ఇచ్చినవి తిరిగి అడగడానికి బయల్దేరాడు. ముందు జల్లెడ తీసుకున్న ముసలాయన ఇంటికి వెళ్ళాడు. జల్లెడ దేవుడి గూట్లో ఉంది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు.

“అది నాకు కాస్త అవసరం పడిందండీ” అన్నాడు చలపతిరావు.

“పరీక్షిస్తున్నారా స్వామీ?” అని ముసలాయన కాళ్ళమీద పడ్డాడు.

పట్టెమంచం తీసుకున్నావిడ, ఆ మంచం మీద పడుకున్నప్పటినించీ తన కోడలు గొడవ పెట్టుకోవడం మానేసిందనీ, ప్రాణం పోయినా ఇవ్వననీ చెప్పింది. పీటలు తీసుకున్నాయన ఇంటికి తాళం వేసుకుని, మొక్కు తీర్చుకోడానికి ద్వారకా తిరుమల వెళ్ళిపోయాడు. చలపతిరావు ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. ఖాళీ చేతులు కూడా కాదు, దారిలో ఎవరో అరటిపళ్ళు సమర్పించారు.

“భవానీ, నా ఉద్యోగం పోయినట్టే” అని గోడకి చేరగిలబడ్డాడు. ఆనుకోడానికి అదొక్కటే మిగిలింది.

గంగాభవాని ఒక అరటిపండు వలిచి చేతికిచ్చింది. నిజానికి ఆయన మొహం చూస్తే ఆవిడకి జాలి కూడా వేసింది. కానీ ఆ జాలి నాలుగు రోజులు ఆగగలిగే జాలి.

శుక్రవారం పొద్దున వీధిలో ఎడ్లగంటలు వినిపించాయి. ఒకదాని వెనక ఒకటిగా బళ్ళు వచ్చి గుమ్మం ముందు ఆగాయి. ముందు బండిలోంచి మావగారు జగ్గారావు దిగారు. కొల్లేటి ఒడ్డున ఆయనకి మంచి మాగాణి ఉంది. ఆరడుగుల మనిషి. పొలం గట్టు మీద కేకేస్తే సరస్సు మీద పక్షులు లేస్తాయంటారు. అలాంటి మనిషి అల్లుణ్ణి చూడగానే బావురుమన్నారు.

“అల్లుడుగారూ! మీకు ఇంట్లో ఏం లోటు చేశామండీ? మా అమ్మాయి ఒక్క మాటైనా అందా? వద్దండీ, ఈ వయసులో మీకా కమండలం వద్దండీ!”

“మావగారూ, కమండలం లేదండీ. ఉన్న చెంబు కూడా ఇచ్చేశాను.”

ఆ మాటకి ఆయన ఏడుపు ఇంకా పెరిగింది. బళ్ళలోంచి సామాను దిగసాగింది. మెరిసే ఇత్తడి బిందెలు, గంగాళం, పందిరిమంచం, పీటలు, కొత్త తిరగలి, కొల్లేటి తుంగతో అల్లిన చాపలు. ఆఖరి బండి వెనక కట్టిన పాడిగేదె కూడా వచ్చింది.

“మావగారి సొమ్ము...” అని చలపతిరావు గొణిగాడు.

“పుచ్చుకోరా?” అన్నారు జగ్గారావుగారు, కళ్ళు తుడుచుకుని గుడ్లురుముతూ.

చలపతిరావుకి ఆదివారమూ, శిరస్తాదారుగారూ కళ్ళముందు మెదిలారు.

“పుచ్చుకుంటానండీ. మంచం ఎటువైపు పట్టుకోమంటారు?”

పట్టుకోవడం ఒక ఎత్తు, పెట్టడం ఒక ఎత్తు. మధ్య గది చాపలతో, పీటలతో నిండింది. వంటిల్లు బిందెలతో నిండింది. పందిరిమంచం మాత్రం ఏ గుమ్మంలోనూ ఇమడక నడివీధిలో నిలబడింది. జనం మూగారు. గంగాభవాని చీర చెంగు దోపుకుని బయటికి వచ్చి, వీధిగది వైపు చూసింది.

“ఆ గదికి తలుపు వెడల్పేనండీ. సగమే తెరుచుకుంటోంది, అంతే.”

“అందులో నా సేకరణ ఉంది కదే!”

“పోనీ మంచం వీధిలోనే ఉంచుదామాండీ? శిరస్తాదారుగారు రాగానే ముందు అదే కనిపిస్తుంది.”

చలపతిరావు మావగారి వైపు చూశాడు, జనం వైపు చూశాడు. పై కండువా నడుంకి బిగించి వీధిగదిలోకి పక్కకి తిరిగి వెళ్ళాడు. పత్రికల దొంతరలు ఆయనే మోశాడు. గ్రామఫోను ఆయనే ఎత్తాడు. హార్మనీ గడప దాటుతూ ఆఖరిసారిగా ఒక మూలుగు మూలిగింది. మధ్యాహ్నానికి గది నున్నగా ఊడ్చి, మంచం వేసి, కిటికీ తెరిచారు. ఆ గదికి కిటికీ ఉందని చలపతిరావు ఆరోజే చూశాడు.

ఆదివారం శిరస్తాదారుగారు సకుటుంబంగా వచ్చారు. బిందెలు చూశారు, గంగాళం చూశారు, పెరట్లో గేదె చూశారు. పందిరిమంచం చూసి మీసం కింద నవ్వుకుని, “సంసారివేనోయ్!” అన్నారు. సోమవారం హెడ్డు గుమాస్తాగా ఉత్తర్వు చేతికొచ్చింది.

ఆ సాయంత్రం కొత్త పీట మీద కూర్చుని చలపతిరావు టిఫిను తింటున్నాడు. ఏదో అనుమానం ఆయన గొంతులో అడ్డం పడింది.

“అవునుగాని భవానీ, నేనెవరికీ కబురు పెట్టలేదు. నువ్వూ గడప దాటలేదు. మీ నాన్నగారికి ఈ సన్యాసం సంగతి ఎలా తెలిసింది?”

“సుబ్బాయమ్మగారి ఆడపడుచుని మా ఊరే ఇచ్చారండీ. వారం వారం వచ్చి వెళుతూ ఉంటుంది.”

చలపతిరావు చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

“ఆ సంగతి నీకు ముందే తెలుసా?”

“ఆ సంబంధం కుదిర్చింది నేనేనండీ” అంది గంగాభవాని. “ఇంకో దిబ్బరొట్టె ముక్క వెయ్యనా?”