ఆరో గదిలో మంచం పట్టింది

తనిఖీ బృందం వచ్చేలోగా జైల్లో జరగవలసిన పనులివి: గోడలకు సున్నం, కుళాయికి నీళ్లు, గదికో అల్మారా, ఖైదీల ముఖాల్లో తృప్తి. ఆ తర్వాత, వీలుంటే, ఆరో గదిలో తాతయ్యకు మంచం. శిక్ష అనుభవించే మనిషికి సామాను కొరత ఉండరాదన్నది శాఖవారి ఉదాత్త ఆశయం. (మనుషుల కొరత ఎప్పుడూ లేదు.)

జైలంతా తాతయ్య అని పిలిచే ఆ ముసలి ఖైదీకి మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున్నే వార్డరు వచ్చి చెయ్యి అందిస్తే తప్ప నేల మీంచి లేవలేడు. కొత్తగా చేరిన సంక్షేమాధికారిణి మనసుకు ఈ సంగతి పట్టింది. స్టోరుకు వెళ్లింది.

"రూలు ప్రకారం మంచం పట్టినవాళ్లకే మంచం, మేడం," అన్నాడు స్టోర్ కీపర్, చెవిలో పెన్సిలు తిప్పుకుంటూ. "మీ తాతయ్య పట్టాడా?"

"ఇంకా లేదు."

"మరి తొందరేముంది? పట్టనీండి."

ఇది విని తాతయ్య పడీ పడీ నవ్వాడు. "ఇలా నేల మీదే ఉంచితే త్వరలోనే పట్టేస్తానని చెప్పు తల్లీ."

ఆమె కాళ్లరిగేలా తిరిగింది. (అరిగిన కాళ్లకు భత్యం లేదు.) "అసలా గదిలో మంచం పట్టాలిగా అమ్మా?" అన్నాడు సూపరింటెండెంటు. టేపుతో కొలిచి చూపించింది. చివరికి ఇనప మంచం వచ్చింది. గుమ్మంలో అడ్డం తిప్పి, కొత్త సున్నం కాస్త గీకి, లోపల పెట్టారు. తాతయ్య కూర్చుని, తనంతట తనే లేచాడు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"చాల్లే తాతయ్యా, మంచం అరిగిపోతుంది!" అంది సంక్షేమాధికారిణి.

ఆ సంబరంలో ఆమె పై కార్యాలయానికి రాసింది: "ఆరో గది ఖైదీ విషయం: మంచం పట్టినందున ఇక సమస్య లేదు."

జవాబు ఎన్నడూ లేనంత వేగంగా వచ్చింది. మంచం పట్టిన ఖైదీని మామూలు గదిలో ఉంచుట అమానుషం. వెంటనే ఆసుపత్రి వార్డుకు తరలించవలెను. మంచం గది సామాను గనుక గదిలోనే ఉండవలెను.

"సార్, పట్టింది మంచం సార్, మనిషి కాదు!"

"పైవాళ్లు రాశాక పట్టినట్టేనమ్మా," అన్నాడు సూపరింటెండెంటు జాలిగా.

నడిచొస్తానంటున్నా వినకుండా తాతయ్యను స్ట్రెచరు ఎక్కించారు. (మంచం పట్టినవాడు నడవడం క్రమశిక్షణారాహిత్యం.) వార్డులో మంచాలన్నీ నిండిపోయి ఉండటంతో చాప ఇచ్చారు.

తనిఖీలో ఆరో గదికి పూర్తి మార్కులొచ్చాయి. గది ఆదర్శంగా ఉందనీ, ఎవరూ లేకపోవడం వల్ల గాలీ వెలుతురూ ధారాళంగా ఉన్నాయనీ బృందం మెచ్చుకుంది.

మీరెప్పుడైనా ఆ గది చూడటానికి వెళితే మంచం మీద కూర్చోకండి, దుప్పటి నలుగుతుంది. వార్డులో చాప మీదున్న తాతయ్యను మాత్రం ఒక్కసారి తలుచుకోండి. తలుచుకోకూడదన్న నిబంధన ఇంకా రాలేదు.