ఇంటిల్లిపాదికీ ఒకే సీసా

ఆ రోజు తెల్లవారేసరికి బుల్లయ్య పెట్టుకున్న పనులు రెండే. బడిలో జరుగుతున్న వైద్య శిబిరంలో పరీక్ష సీసా ఇచ్చి రావడం, ఆ తర్వాత కల్లంలో ఎండుతున్న రెండో కోత మిరపకాయలను తిరగేయించడం. మొదటిది పనే కాదనుకున్నాడు. కాఫీ చల్లారేలోపు తేలిపోతుందనుకున్నాడు.

పర్చూరు దగ్గరి ఆ పల్లెలో నర్సు సంతోషకుమారి మాటంటే అందరికీ గురి. ముందురోజు సాయంత్రం ఆమె ఇంటింటికీ తిరిగి వివరంగానే చెప్పింది. సీసాలు తక్కువ వచ్చాయి కాబట్టి ముందు ఇంటికొకరికి మూత్ర పరీక్ష చేస్తారనీ, మిగిలినవాళ్ళకు వచ్చే వారమనీ, పొద్దున్నే పట్టి తెమ్మనీ చెప్పింది. బుల్లయ్య తన పేరు రాసిన సీసా అందుకుని, ఇంటికొక సీసా అన్నంతవరకే విని, మోటారు కట్టేయడానికి పొలానికి వెళ్ళిపోయాడు. మిగతాది తనకు తెలుసనుకున్నాడు. తెలుసనుకోవడంలో ఊళ్ళో అతన్ని మించినవాళ్ళు లేరు.

నిజం చెప్పొద్దూ, అతనికి బాగా తెలిసిన విద్య ఒకటుంది. మట్టి పరీక్షకు నమూనా తీయడంలో అతను వ్యవసాయాధికారి చేత శభాష్ అనిపించుకున్న రైతు. ఒక్కచోట మట్టి తీస్తే ఆ ఒక్కచోటి సంగతే తెలుస్తుంది. పలుచోట్ల తీసి, బాగా కలిపి, అందులోంచి కాస్త పంపితే పొలం మొత్తం సంగతి తెలుస్తుంది. పొలానికొక సంచి అయినప్పుడు ఇంటికొక సీసా ఎందుకో వేరే చెప్పాలా?

"ఏమే కోటిరత్నం, ఇట్టా రా. ఈ గ్లాసు నీది, ఆ గ్లాసు అమ్మది. నేను పట్టేశా," అన్నాడు భార్యతో, టీ తాగి పారేసే గ్లాసులు రెండు గట్టు మీద పెట్టి.

"నాదెందుకయ్యా. సీసా మీద నీ పేరేగా ఉంది," అంది కోటిరత్నం.

"పొలం పాసుపుస్తకం మీదా నా పేరే ఉంది. పొలంలో నువ్వు చెయ్యట్లా?"

కోటిరత్నం గ్లాసు వంక అదోలా చూసింది. వద్దు లేవయ్యా అని ఇంకోసారి అంది. మామూలుగా ఒక్క మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి అంతకుమించి ఏమీ అనకుండా గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. తన వాదనలోని బలానికే ఆమె లొంగిపోయిందని బుల్లయ్య సంబరపడ్డాడు.

బుల్లయ్య తల్లి సీతారావమ్మ ఎనభై దాటిన మనిషి. "నా దగ్గర పంచదార తప్ప ఏం దొరికిద్దిరా," అంటూనే గ్లాసు నింపి పంపింది. ఆమె చక్కెర జబ్బు ఊరంతా ఎరిగినదే. ఇక్కడ బుల్లయ్యకు ఒక సందేహం వచ్చింది. మట్టి తీసేటప్పుడు పొలం అంచున తీయకూడదని నియమం. ఇంటి లెక్కలో అమ్మ అంచు కిందికి వస్తుందా రాదా? కన్నతల్లిని అలా పక్కన పెట్టడం బాగుండదని, మూడు గ్లాసులూ మగ్గులో సమానంగా పోసి, వేపపుల్లతో కలిపి, సీసా నింపి, మూత బిగించి, శిబిరంలో ఇచ్చి వచ్చాడు. ఇంత శ్రద్ధగా తెచ్చినవాడు ఊళ్ళో ఇంకొకడుండడని దారి పొడుగునా అనుకున్నాడు.

మధ్యాహ్నం కల్లంలో ఉండగా సంతోషకుమారి ఫోను చేసింది.

"బుల్లయ్యగారూ, ఎట్టా ఉన్నారండీ? పడుకునే ఉన్నారా?"

"పడుకోవడమేంటి. కాయలు తిరగేస్తన్నా."

అవతల ఆమె ఆ మాట పక్కనున్న డాక్టరుకు చెప్పడం వినిపించింది.

"ముందు మెల్లిగా కూర్చోండి. మీ పరీక్షలో చీము కణాలు నిండుగా ఉన్నాయంట. రక్తం పడింది. షుగరుంది. ఈయన నడవగలుగుతున్నాడా అని డాక్టరుగారు అడుగుతున్నారు. ఇవన్నీ ఒంట్లో పెట్టుకుని కల్లంలో నిలబడ్డ మనిషిని నేను నా సర్వీసులో చూళ్ళేదండీ. వెంటనే ఒంగోలు తీసుకెళ్ళమన్నారు."

బుల్లయ్య కాయల పక్కనే కూలబడ్డాడు. భయం వేసింది. భయం వెనకాలే, ఎవరికీ చెప్పుకోలేని ఒక గర్వం కూడా వచ్చింది. ఇన్ని రోగాలను మోస్తూ పొద్దున మూడు ఇడ్లీలు, గోంగూర పచ్చడితో చద్దన్నం తిన్నాడు కదా! ఈ ఒళ్ళు ఎంత గట్టిదో ఇన్నాళ్ళూ తనకే తెలియలేదు.

ఊరు కూడా అలాగే ఆశ్చర్యపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళు ముందు అతన్ని ఎగాదిగా చూసి, తర్వాతే పరామర్శించారు. "నొప్పి కుడిపక్క ఉండాలే," అన్నాడు పక్కపొలం సుభానీ. బుల్లయ్య తడుముకుని చూసుకుంటే నిజంగానే కుడిపక్క ఉంది. ఎడమపక్క అని ఇంకొకరన్నారు, అక్కడా దొరికింది. ఒకరు కొండపిండాకు కషాయం తెచ్చారు, ఒకరు అరటి దూట రసం తీసుకొచ్చారు, ఉలవకట్టు తెచ్చినవాళ్ళు చెంబు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. ఎవర్నీ నొప్పించడం ఇష్టంలేక బుల్లయ్య అన్నీ తాగాడు. కాసేపటికి దొడ్లోకి పరుగు మొదలైంది. అలా రెండోసారి వెళ్ళి వచ్చేసరికి అరుగు మీది జనం తలలు ఆడించారు.

"చూశారా, ఆపుకోలేకపోతన్నాడు," అన్నాడు సుభానీ. ఆ ముక్కతో అనుమానమున్నవాళ్ళకు కూడా నమ్మకం కుదిరింది.

కోటిరత్నం తమ్ముడు లక్ష్మీకాంత్ చీరాలలో విత్తనాల కొట్టు నడుపుతాడు. కబురందగానే కారేసుకుని వచ్చాడు. దారిలో బుల్లయ్య కారు ఆపమన్నప్పుడల్లా అతను ఆపి, ఫోనులో కొత్త సంగతి ఒకటి చదివేవాడు. "కిడ్నీలు చేతులెత్తేసేముందు ఇట్టాగే ఉంటదంట బావా," అన్నాడు ఒకసారి. బుల్లయ్య రోడ్డు పక్కన నిలబడి, దూరంగా ఎర్రగా పరుచుకున్న కల్లాలను చివరిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. వెనకసీటులో కోటిరత్నం దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకుంది. అక్క కుమిలిపోతోందని లక్ష్మీకాంత్ అనుకున్నాడు. తన మీద ఇంత ప్రేమ ఉందా అని బుల్లయ్యకు కళ్ళు చెమర్చాయి.

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టర్ ఆరాధన నెమ్మదస్తురాలు. పరీక్ష కాగితం చూసింది, మనిషిని చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటుందా?"

"ఉండే ఉంటదండి."

"ఉందా, లేదా? చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, కాళ్ళ వాపు, వీటిలో మీకు ఏవున్నాయి?"

"మీరు ఏవుండాలంటే అవి ఉన్నాయండి," అన్నాడు బుల్లయ్య దీనంగా.

ఆమె ఇంకేమీ అడగకుండా మళ్ళీ మూత్రం పట్టించి పరీక్షకు పంపింది. తర్వాత స్కానింగు బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద చల్లటి జిగురు రాసి, తెర అతనివైపు తిప్పింది. నల్లటి తెర మీద చిక్కుడు గింజ ఆకారం ఒకటి మెల్లగా కదిలింది.

"ఇది మీ కుడి కిడ్నీ. మీ పిడికిలంత ఉంటుంది. ఇలాంటివి రెండు. మీ ఒంట్లో రక్తమంతా రోజుకు ఎన్నోసార్లు వీటిలోంచే వెళ్తుంది. చెడు తీసేసి, కావలసింది మళ్ళీ ఒంటికే ఇచ్చేస్తాయి. మీరు నిద్రపోయినా ఇవి నిద్రపోవు."

బుల్లయ్య ఊపిరి బిగబట్టి చూశాడు. ఊపిరి తీసుకుంటే అదీ కదిలింది. తను పుట్టినప్పటినుంచీ, పొలంలో ఉన్నా పెళ్ళిపందిట్లో ఉన్నా, ఇది లోపల ఒక్కతే కూర్చుని కడుగుతూనే ఉంది. అడిగింది లేదు, అలిగింది లేదు. గుడిలో కూడా అతనికి అంత భక్తి ఎప్పుడూ కలగలేదు. పడుకున్నచోటే రెండు చేతులూ జోడించాడు.

"చేతులు దించండి, యంత్రానికి తగులుతున్నాయి," అంది డాక్టర్. "మీ రెండు కిడ్నీలూ బ్రహ్మాండంగా ఉన్నాయి."

అంతలోనే రెండో పరీక్ష ఫలితం కూడా వచ్చింది. చీము లేదు, రక్తం లేదు, చక్కెర లేదు. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"పొద్దున శిబిరంలో ఇచ్చిన సీసా ఎవరిది?"

"మాదేనండి."

"మాదంటే?"

బుల్లయ్య మట్టి పరీక్ష మొదలుకుని వేపపుల్ల దాకా అంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ లక్ష్మీకాంత్ ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. నవ్వుతుందనుకున్న డాక్టర్ నవ్వలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మూడోవంతు కలిస్తేనే ఇంత చీము కనపడిందంటే అసలు మనిషికి ఎంత ఉండాలి? మీ అమ్మగారికి జ్వరమేమైనా ఉందా?"

"లేదండి. షుగరొక్కటే."

"మరి మీ ఆవిడ ఎక్కడ?"

కోటిరత్నం బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఫిబ్రవరి ఎండలో అందరూ విసురుకుంటుంటే ఆమె దుప్పటిలో ముడుచుకుని వణుకుతోంది. డాక్టర్ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, నడుం కుడిపక్క మెల్లిగా తట్టింది. కోటిరత్నం అరవలేదు. పళ్ళు బిగించి బల్ల అంచు పట్టుకుంది.

"ఎప్పట్నుంచమ్మా?"

"ఒంటికెళ్తే మంట, కోతలు మొదలైన కాడ్నుంచీ ఉందమ్మా. జొరం నిన్నట్నుంచి. ఎండదెబ్బనుకున్నా."

"నీళ్ళు తాగుతున్నావా?"

కోటిరత్నం మొగుడివంక ఒకసారి చూసి తల దించుకుంది. "తాగితే ఎక్కడికి పోనమ్మా? మోకాళ్ళ దాకా మిరప మొక్కలే గాని చాటుకి చెట్టు లేదు. చుట్టూ మగోళ్ళు. పొద్దున ఇంటికాడ పోయి, మళ్ళీ ఇంటికొచ్చాకే. మా ఆడోళ్ళందరం ఇంతేగా."

"మంట మొదలైనప్పుడే రావాల్సింది. చలిజ్వరం, నడుం పక్క నొప్పి వచ్చాక ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది. ఇంకా ఆలస్యమైతే రక్తంలోకి వెళ్తుంది, అప్పుడు ప్రాణానికే ముప్పు." ఆ మాట అంటూనే డాక్టర్ చక్రాల కుర్చీ తెమ్మని చెప్పింది.

ఆమెను కూడా స్కానింగు చేస్తుంటే బుల్లయ్య తలుపు దగ్గర నిలబడి చూశాడు. తెర మీద అలాంటిదే ఇంకొకటి, వాచి ఉంది. ఆ స్థితిలోనే అది కడుగుతోంది. ఆ స్థితిలోనే ఈ మనిషి నిన్న కాయలు కోసింది, పొద్దున ఇడ్లీలు వేసింది, మొగుడికి జబ్బని తోడుగా ఒంగోలు వచ్చింది. మధ్యాహ్నం తన ఒళ్ళు చూసుకుని తను పడిన గర్వం గుర్తొచ్చి, ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఏడుపు వచ్చింది. ఏడ్చాడు.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు, సెలైను ఎక్కుతున్న చెయ్యి పట్టుకుని.

"కోతలయ్యాక చెబుదామనుకున్నా," అంది కోటిరత్నం. "అయినా అదేం జబ్బని చెప్పను, నలుగురిలో."

మందు బాగా పట్టింది. జ్వరం తగ్గింది, వాపు దిగింది, పోవలసిన కిడ్నీ నిలిచింది. ఇంటికి పంపేటప్పుడు మాత్రలు మధ్యలో మానొద్దనీ, నీళ్ళు బాగా తాగమనీ, వస్తే ఆపుకోవద్దనీ డాక్టర్ కోటిరత్నానికి చెప్పింది. బుల్లయ్యకు మాత్రం మనిషికొక సీసా అని గట్టిగా రెండుసార్లు చెప్పింది.

మూడో కోతకు ముందే బుల్లయ్య పొలంలో బేసిను దింపించి, చుట్టూ తడికలు కట్టించి, తలుపు పెట్టించి, పక్కన నీళ్ళ డ్రమ్ము నిలబెట్టించాడు. చేలో మరుగుదొడ్డేంటని సుభానీ నవ్వాడు. ఆ కోతకు పిలవకుండానే ఊళ్ళో ఆడకూలీలంతా బుల్లయ్య చేలోనే దిగేసరికి ఆ నవ్వు ఆగింది. కోటిరత్నం గట్టున కూర్చుని, చెంబెత్తి గటగటా నీళ్ళు తాగి, ఎవరి వంకా చూడకుండా దర్జాగా నడుచుకుంటూ తడికల వైపు వెళ్ళింది. ఆ నడక చూస్తూ బుల్లయ్య చేతిలో కాయల సంగతి మరిచిపోయాడు.

కట్టించినవాడిగా తనకూ కాస్త హక్కుంటుందనుకుని ఒక మధ్యాహ్నం అటు వెళ్ళిన బుల్లయ్యను, ముందు నిలబడ్డ ఆడవాళ్ళు వరస చివరికి పంపించారు.