నాలుగు గ్రాముల జలజా విజయము

భూగర్భమున కనకము కృశించుచుండగా, గనులు సర్కారు చేతికి చిక్కి పాతికేండ్లు గడచిన ఒకానొక మంగళవారమున, కోలారు స్వర్ణక్షేత్రమందలి ఒక ఆసుపత్రి వరండా రణరంగమైనది.

అచట నిలిచినది జలజ. నలుబదియెనిమిదేండ్లది, ముగ్గురు బిడ్డల తల్లి. దగ్గు, తుమ్ము, నవ్వు అను శత్రుత్రయము చేత మూడేండ్లుగా చీర తడుపుకొనుచున్న ధీర. బస్సు కుదుపులకు వెరచి బూదికోటలోని అక్కను చూడక ఏడాది.

భర్త శ్రీకంఠుడు, డాక్టరు రమ్మన్నందున వచ్చి, బల్లపై కూర్చున్నాడు. గనిలో బంగారు రాళ్లను పరీక్షించు ఆఫీసున గుమాస్తా. టన్ను రాతిలో రవ్వంత పసిడిని పట్టగలడు. పెరట్లో రోజుకు మూడు చీరలు ఎందుకు ఆరుచున్నవో పట్టలేడు. అడుగలేదు. అట్టి మగలకు నరకమున ప్రత్యేకముగా ఒక గది కలదు. అందు చోటు చాలదు.

నర్సు చిన్నవెంకటమ్మ పొడిగుడ్డను తూచి చేతికిచ్చి, యుద్ధధర్మమును చాటినది.

"అమ్మా, గంటసేపు ఇది కట్టుకోని ఉండాల. మళ్లా తూస్తాను. పెరిగిన తడి బరువు పది గ్రాములు దాటకుంటే కసరత్తుతో పోతాది. యాభై దాటిందా, ఇంగ బెంగళూరులో ఆపరేషనే."

"ఎన్ని దగ్గులు దగ్గమంటావో చెప్పు సిస్టర్! నేను బూదికోట బస్సెక్కాల, అంతే!"

అంతట ఆ వీరవనిత అర లీటరు జలమును ఆపోశనపట్టి, మెట్లెక్కి, మెట్లు దిగి, పదిమార్లు కూర్చుండి లేచి, పదిమార్లు శతఘ్నివలె దగ్గి, నిలిచినచోటనే పరుగిడి, నేలనున్న తాళపుచెవిని ఐదుమార్లు వంగి ఎత్తి, తుదకు కుళాయి క్రింద చేతులుంచినది. అదియే మాయావి! బేతమంగళ చెరువునుండి వచ్చిన ఆ నీరు గలగలమని, లోనున్న తన చెల్లెలిని పేరుపెట్టి పిలిచినది. జలజ పండ్లు బిగించినది. చెల్లెలు సగమే పలికినది.

గుడ్డ త్రాసెక్కినది.

"గ్రేడ్ ఎంత వచ్చిందమ్మా?" అని శ్రీకంఠుడు కేక వేసినాడు. గనివారికి గ్రేడనగా టన్నుకెన్ని గ్రాముల బంగారమనియే అర్థము.

"నాలుగు గ్రాములప్పా."

అతడు తల పట్టుకొన్నాడు. "అయ్యో, నాలుగేనా! మా షాఫ్టులో నాలుగుకి పడితేనే మూసేసినారు కదమ్మా!"

"ఇది బంగారం కాదప్పా! ఈడ తక్కువైతేనే మేలు!"

జలజ నవ్వినది. మూడేండ్ల తరువాత, నోటికి కొంగు అడ్డుపెట్టక, వరండా అదరునట్లు నవ్వినది.

ఐదవ గ్రాము అప్పుడు పోయినది. గుడ్డ అప్పటికే త్రాసులో ఉన్నది కనుక అది లెక్కకు రాలేదు.

జయము జలజకు! బూదికోట బస్సు పదకొండున్నరకు.