కర్నల్ కాలికి తీసిన దిష్టి

ఆ శనివారం ఉదయం డాక్టర్ మినోచెర్ దుమాసియా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకల్లా కర్నల్‌ను దాదర్ కాలనీలో వాళ్లింటికి చేర్చాలి. నలుగురూ పొగుడుతుంటే మొహమాటపడుతున్నట్టు కనిపించాలి. ఒక కప్పు పుదీనా టీ తాగి భోజనం వేళకు ఇల్లు చేరాలి.

కర్నల్ అంటే సైన్యంలో పనిచేసినవాడేం కాదు, పెరిన్ ఆంటీ పెంచుకుంటున్న కుక్క. బాల్కనీలోంచి పావురం మీదికి దూకాడు. పావురం ఎగిరిపోయింది, వీడు ఎగరలేక కిందపడి కుడి వెనక కాలి తొడ ఎముక మూడు ముక్కలు చేసుకున్నాడు. మొదట ఎవరో వేసిన కడ్డీ నెల తిరక్కుండానే వంగిపోయింది. అప్పుడు జంతువుల డాక్టరైన మినోచెర్ తన ఆస్పత్రిలో నాలుగు గంటలు నిలబడి, ముక్కలన్నీ పేర్చి, పొడవాటి స్టీలు పట్టీ వేసి పన్నెండు స్క్రూలతో బిగించాడు. "ఇది కూడా ఊడిందంటే ఇక స్క్రూ పట్టడానికి ఎముకలో చోటుండదు ఆంటీ. కాలు తీసెయ్యడమే," అని ముందే చెప్పాడు. పెరిన్ ఆంటీకి డెబ్బై నాలుగేళ్లు. భర్త పోయాక ఇంట్లో ఆమె మాట్లాడేది కర్నల్‌తోనే. ఆ మాట విన్న రోజు నుంచి ఆమె సరిగ్గా అన్నం తినలేదు.

అంత జాగ్రత్తలు చెప్పిన మనిషి కుక్కను స్ట్రెచర్ మీద పంపించాలి కదా! "నా చేతులతో నేనే తీసుకెళ్తాను," అన్నాడు. నర్సు తావ్డే సిస్టర్ ముప్పై కిలోల కర్నల్‌కేసి, తర్వాత డాక్టరుగారి పొట్టకేసి చూసింది.

"సార్, మీకు యాభై ఎనిమిదేళ్లు."

"వాడికి రెండు. సరాసరి ముప్పై. ఏం, ముప్పైలో బరువులు మొయ్యరా?"

అంత మంచి జవాబు తనకు తట్టినందుకు దాదర్ చేరేదాకా మినోచెర్ లోలోపల మురిసిపోయాడు.

పెరిన్ ఆంటీ ఇల్లు మొదటి అంతస్తులో. కర్నల్‌ను ఎత్తుకుని మధ్యలో రెండుసార్లు ఆగి మెట్లెక్కాడు. గుమ్మంలో ముగ్గులు, పైన పూలతోరణం, చుట్టూ కాలనీ జనం. మధ్యలో పెరిన్ ఆంటీ వెండి పళ్లెంతో నిలబడి ఉంది. పళ్లెంలో కోడిగుడ్డు, కొబ్బరికాయ, బియ్యం, నీళ్లు.

"ఆంటీ, దిష్టి తర్వాత తియ్యొచ్చు. చేతులు పడిపోతున్నాయి."

"తియ్యకుండా లోపలికెలా రానిస్తానురా? మూడు వారాలు ఆస్పత్రిలో ఉండొచ్చాడు బిడ్డ. కదలకు!"

ఆమె గుడ్డును కర్నల్ తల చుట్టూ తిప్పసాగింది. గుడ్డు ఎటు వెళ్తే కర్నల్ తల అటు తిరిగింది. అయిదో చుట్టులోనో ఆరో చుట్టులోనో ఆమె లెక్క మరిచిపోయింది. ఆరయ్యాయని ఎదురింటి ఫలీ అంకుల్, కాదు అయిదేనని అతని భార్య. దేవుడి దగ్గర అనుమానం పనికిరాదని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఏడయ్యాక గుడ్డు గుమ్మం పక్కన ఠప్పున పగిలింది. కొబ్బరికాయా పగిలింది.

"మరి మినోచెర్‌కో? ఇంత గొప్ప ఆపరేషన్ చేశాడు, అసలు దిష్టి వాడికే తగులుతుంది," అన్నాడు ఫలీ అంకుల్.

వద్దనాల్సింది. అనబోయాడు కూడా. కాని "ఇంత గొప్ప" అన్న మాట చెవికి ఇంపుగా తగిలింది. కుక్కను ఎత్తుకునే మరో ఏడు చుట్లు నిలబడ్డాడు. లోపలి నుంచి తెచ్చిన రెండో గుడ్డు మొదటిదాని మీదే పగిలింది. వాటి మీద నీళ్లు చల్లారు.

"ఇప్పుడు కుడికాలు ముందు పెట్టి లోపలికి రావాలి," అంది పెరిన్ ఆంటీ.

"వాడికి విరిగిందే కుడికాలు ఆంటీ!"

"ముందువైపు ఇంకో కుడికాలుందిగా. అది పెట్టించు."

"పెట్టించాలంటే నేను వంగాలి. వంగితే మళ్లీ లేవను."

గుమ్మంలో చిన్న సభ జరిగింది. చివరికి కర్నల్ తరఫున డాక్టరే తన కుడికాలు పెట్టవచ్చునని తీర్మానించారు. మినోచెర్ పెట్టాడు, సరిగ్గా ఆ రెండు గుడ్ల మీద.

పడుతూ కూడా కుక్కను గాల్లో ఎత్తి కాపాడానని తర్వాత అతను చాలామందికి చెప్పాడు. నిజానికి అతను ఏమీ చెయ్యలేదు. వెల్లకిలా పడ్డాడు, కర్నల్ వచ్చి అతని పొట్ట మీద మెత్తగా వాలాడు. అదే క్షణంలో "ఫట్" మని చప్పుడైంది.

"పట్టీ ఊడింది!" అని అరిచాడు మినోచెర్. ముప్పై ఏళ్లుగా ఎముకల చప్పుళ్లు విన్న చెవులవి. విరిగింది ఎముకేనని నిమిషంలో తేల్చేశాయి.

పళ్లెం ఆంటీ చేతిలోంచి జారిపోయింది. ఆమె అక్కడే కూలబడి కర్నల్ తల ఒళ్లోకి తీసుకుంది. "తీసేస్తావట్రా మినోచెర్? నా బిడ్డ కాలు తీసేస్తావా?" అంది. ఆ గొంతు వింటే మినోచెర్‌కు ఏడుపొచ్చింది. తన డాబు కోసం ఒక ముసలామె బతుకులోని ఒక్క సంతోషాన్నీ కుంటిదాన్ని చేశాననుకున్నాడు.

లేవబోతే కాళ్లు సహకరించలేదు. భయంతో నీరసం వచ్చిందనుకుని పడుకునే ఆజ్ఞలు జారీ చేశాడు. "వాణ్ణి వంచొద్దు! బల్లలాంటిది తెండి!" ఇస్త్రీ బల్ల వచ్చింది. నలుగురు కర్నల్‌ను దాని మీద ఊరేగింపుగా దించారు. వాడు ఆ దారిన పోతూ డాక్టరుగారి ప్యాంటు మీది పచ్చసొన కాస్త నాకాడు.

"మరి నీ సంగతేంటి?" అన్నాడు ఫలీ అంకుల్.

"నాదేముంది, కాస్త బెణికింది. ముందు వాణ్ణి చూడండి!" అంటూ మినోచెర్ మెట్లన్నీ కూర్చునే దిగాడు. ఫలీ అంకుల్ కారులో వెనక సీటంతా కర్నల్‌కు, ఆంటీకి ఇచ్చారు.

ఆస్పత్రిలో తావ్డే సిస్టర్ కర్నల్‌కు ఎక్స్‌రే తీసింది. మినోచెర్ గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి స్క్రూలు లెక్కపెట్టాడు. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండూ ఉన్నాయి, పట్టీ చెక్కుచెదరలేదు, ఎముక అతుక్కుంటోంది కూడా. అతను సిగ్గు లేకుండా భోరుమన్నాడు. ఆంటీ కర్నల్‌ను ముద్దులతో ముంచెత్తింది.

"మరి ఆ చప్పుడేంటి?" అన్నాడు ఫలీ అంకుల్.

తావ్డే సిస్టర్ కిందికి చూసింది. "సార్, మీ కుడి పాదం గోడ వైపు చూస్తోందేంటి?"

అప్పుడొచ్చింది నొప్పి. కర్నల్ దిగిన బల్ల మీదికే అతన్ని ఎక్కించారు. సిస్టర్ మెషిన్ ముందు నిలబడి, "ఏ జంతువో చెప్పకపోతే ఇది కదలదు సార్," అంది. "ఏదో ఒకటి నొక్కవమ్మా!" అని మూలిగాడు మినోచెర్. మోకాలి కింది ఎముకలు రెండూ విరిగాయి. ఫిల్ము చూసి, "పట్టీ, ఎనిమిది స్క్రూలు," అని అలవాటుగా అన్నాడు. అది తన కాలేనని గుర్తొచ్చి కళ్లు తిరిగాయి.

"చూశావా, దిష్టంతా నీ మీదికి పోయింది. నా బిడ్డకేం కాలేదు," అంది పెరిన్ ఆంటీ, అతని నుదురు తుడుస్తూ. మూడు వారాల తర్వాత ఆమె ముఖంలో నవ్వు కనబడింది. నాలుగు గంటల ఆపరేషన్ సంగతి గుర్తు చేద్దామనుకున్నాడు గాని, ఆ నవ్వు చూసి ఊరుకున్నాడు.

సాయంత్రం మనుషుల ఆస్పత్రిలో ఎముకల డాక్టర్ పరాంజపే ఆ ఫిల్ము వెలుతురుకు పట్టి చూశాడు. విరిగిన చోటు చూశాక కింద అంచున ఉన్న అక్షరాలు పైకే చదివాడు: "పేరు: మినోచెర్. జంతువు: కుక్క. వయసు: యాభై ఎనిమిది. స్వభావం: కరవదు, చెప్పిన మాట వినదు."

వయసు యాభై ఏడున్నరేనని మినోచెర్ సరిదిద్దాడు.